కిరిసోమె తెచ్చిన చాప

ఊరికే ఇస్తామనేవాళ్ళను చూస్తే నాకు మొదటినుంచీ గుబులే. ఏదైనా అడిగేవాడైతే ఫర్వాలేదు. వాడికేం కావాలో తెలుస్తుంది, ఇవ్వాలో మానాలో మనం తేల్చుకోవచ్చు. ఏమీ అక్కర్లేదనేవాడితోనే చిక్కంతా. అందుకని ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక కిరిసోమె, అతని భార్య లోసా చర్చి మెట్ల మీద నిలబడి, ఊళ్ళో పిల్లలందరికీ రగ్బీ నేర్పుతామని, ఆడపిల్లలు కూడా రావచ్చని, అందుకు ఎవరూ ఒక్క తాలా డబ్బు కూడా ఇవ్వక్కర్లేదని చెబుతుంటే, పక్కనున్న మాతలేనా నన్ను మోచేత్తో పొడిచేలోపే నేననుకున్నాను, ఇందులో ఏదో ఉందని.

"విన్నావా తిరేసా వదినా, ఊరికేనట," అంది మాతలేనా.

"విన్నాను. మరి వాళ్ళకేం ఒరుగుతుందట?"

"అదే కదా నేనూ అడిగేది."

కిరిసోమె పరాయివాడేం కాదు, మా ఊరి రక్తమే. పసివాడుగా ఉన్నప్పుడే తల్లిదండ్రులతో ఆక్లండ్ వెళ్ళిపోయాడు. అక్కడే పెరిగి, మాంసం ఫ్యాక్టరీలో పనిచేసి, అక్కడున్న మన సమోవా పిల్లనే చేసుకుని, రెండేళ్ళ కిందట భార్యనూ కూతుర్నీ వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. పట్నంలో, ఆపియాలో ఉండే వాళ్ళ పెదనాన్న, సముద్రం వైపు ఖాళీగా పడున్న తన సిమెంటు గోడల ఇంట్లో ఉండమన్నాడు. మామూలుగా వెళ్ళినవాళ్ళు డబ్బు పంపిస్తారు, పెళ్ళిళ్ళకూ చావులకూ వస్తారు, చివరికి పెట్టెలో వస్తారు. ఒంట్లో సత్తువ, చేతిలో ఉద్యోగం ఉండగా సామాను సర్దుకుని ఎవరు తిరిగొస్తారు? కాబట్టి అక్కడేదో చేసి పారిపోయి వచ్చాడని ఊరంతా ఎప్పుడో తేల్చేసింది. ఏం చేశాడన్నది మాత్రమే తేలలేదు.

పైగా నేర్పేది రగ్బీ. మా పిల్లలకు నడక కుదరకముందే చంకలో బంతి ఉంటుంది. బంతి లేకపోతే అరిగిపోయిన చెప్పులజతను తాడుతో చుట్టి అదే బంతి అంటారు. వీళ్ళకు ఒకరు నేర్పడమేమిటని మా మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళం నవ్వలేదు. మేం చాపలు అల్లడానికి కూర్చున్నప్పుడు దాని సంగతే మాట్లాడుకున్నాం.

"పక్కూరికి ఒకడొచ్చాడు చూడు, తెల్ల బూట్లవాడు," అంది మాతలేనా, మొగలాకు పోగుల్ని గోటితో చీలుస్తూ. "మగపిల్లల ఎత్తులు కొలిచి, ఫోటోలు తీసి, పెద్ద బడిలో వేస్తానని ఇద్దర్ని పట్టుకుపోయాడు. ఒకడు మోకాలు మడవలేక తిరిగొచ్చాడు. రెండోవాడి కబురే లేదు."

"ఆయనా ఈయనా ఒకటేనంటావా?"

"నేనేం అనను. ఆ లోసా రోజూ ఫోన్ పట్టుకుని మన పిల్లలు పరిగెత్తుతుంటే తీస్తోంది. ఎవరికి పంపుతున్నట్టు?"

"వాళ్ళమ్మకేమో," అన్నాను.

"వాళ్ళమ్మకి మన పిల్లల కాళ్ళెందుకు వదినా?"

నేను ఇంకో పోగు అందుకున్నాను. 

నాకు ముగ్గురు మగపిల్లల తర్వాత పుట్టింది లాంగీ. అప్పటికి దానికి పదమూడేళ్ళు. నన్నడక్కుండానే ఆటకు వెళ్ళింది. వెళ్ళొద్దన్నాను, సరేనంది, మర్నాడు మళ్ళీ వెళ్ళింది. వద్దంటే వినే రకం కాదు, నా రకం. ఇక లాభం లేదని ఒక సాయంత్రం నేనే బయల్దేరి, చర్చి వంటపాక వెనక నిలబడి, ఊరి పచ్చిక మీద ఏం జరుగుతోందో చూశాను. కిరిసోమె పిల్లల్ని జంటలుగా నిలబెట్టి, ఎదుటివాళ్ళను ఎలా పట్టి పడెయ్యాలో నేర్పుతున్నాడు. తల పక్కకు పెట్టమంటాడు, చెంప తొడకు ఆనించమంటాడు, చేతులు వదలొద్దంటాడు. పడేటప్పుడు ఎలా దొర్లాలో తానే పడి చూపిస్తాడు. అంత పెద్ద మనిషి గడ్డిలో దొర్లుతుంటే పిల్లలు విరగబడి నవ్వుతున్నారు. లోసా నారింజకాయలు కోసి పెడుతోంది. ప్రార్థన శంఖం ఊదేలోపే అందర్నీ ఇళ్ళకు తోలేశారు. ఎంత చూసినా ఒక్క తప్పు కనపడలేదు. కనపడలేదు కాబట్టి బాగా దాస్తున్నాడని నాకు గట్టి నమ్మకం కుదిరింది.

అతను నన్ను చూడనే చూశాడు.

"అక్కా, అక్కడెందుకు నిలబడ్డారు, ఇటు రండి. పిల్లలకు నీళ్ళందించేవాళ్ళు కూడా లేరు మాకు."

"కట్టెల కోసం వచ్చాను బాబూ," అని చెప్పి, చర్చివాళ్ళ కట్టెలు రెండు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

అలా అతను ఇంటింటికీ తిరిగి అడిగాడు. తల్లిదండ్రులు వస్తేనే ఇది నిలబడుతుంది, మేమిద్దరమే చెయ్యలేం, వచ్చి కూర్చున్నా చాలు అన్నాడు. ఒక్కరూ వెళ్ళలేదు. వెళ్తే రేపు ఏదైనా బయటపడ్డప్పుడు మనం కూడా అందులో ఉన్నట్టే కదా. పిల్లల్ని ఆపలేకపోయాం కానీ, మా కాళ్ళను మాత్రం ఆపుకున్నాం.

అతని కూతురు ఇలీసాది లాంగీ వయసే. మా మాటే మాట్లాడుతుంది కానీ యాస వేరు. బళ్ళో పిల్లలు 'పలాంగి పిల్లా, తెల్లపిల్లా' అని వెంటపడేవాళ్ళు. మాట పలికినప్పుడల్లా వెనక నుంచి ఎవడో ఒకడు దాన్ని వెక్కిరించేవాడు. ఆట మొదలయ్యాక మా లాంగీ దాంతో జతకట్టింది. ఇద్దరూ ఒకే కొబ్బరిబోండాన్ని పంచుకుని తాగుతుంటే చూసి, ఇంతమంది ఉండగా నా కూతురే ఎందుకు దొరికింది వీళ్ళకు అనుకున్నాను. ఊళ్ళో అందరికంటే జోరుగా పరిగెత్తేది అదే మరి.

ఒక గురువారం లాంగీకి భుజం దగ్గర ఎముక విరిగింది. ఇలీసా వచ్చి నడుం పట్టుకుని పడేసింది, ఇది భుజం మీద పడింది. నేనప్పుడు తోటలో చేమదుంపలు తవ్వుతున్నాను. కిరిసోమె దాన్ని బండిలో వేసుకుని మా ఇంటి ముందు ఆగాడట, ఎవరూ లేరట, ఇక ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. లోసా మిగతా పిల్లల్తో పచ్చిక మీదే ఉండిపోయింది. కబురు తెలిసి నేను బస్సు పట్టుకుని వెళ్ళేసరికి దానికి కట్టు కట్టేశారు. అతను బయట బెంచీ మీద, చేతుల్లో మొహం దాచుకుని కూర్చుని ఉన్నాడు.

"క్షమించండి అక్కా. నా దగ్గరుండగా దెబ్బ తగిలింది. తప్పు నాది."

"ఆటన్నాక తగులుతాయి," అన్నాను. నా పెద్దకొడుక్కి ఆ ఎముకే రెండుసార్లు విరిగింది, నాకదేం వింత కాదు. అతనంత కుమిలిపోవడమే వింతగా అనిపించింది. లాంగీ ఇంటికొచ్చాక మర్నాడంతా మూతి ముడుచుకుని పడుకుంది. కొబ్బరిపాలు పోసి కాల్చిన చేమాకు పెట్టినా ముట్టలేదు. నొప్పి అనుకున్నాను.

శనివారం తెల్లవారుతుండగా మా ఆయన ఫాలనీకో పొయ్యి రాజెయ్యడానికి లేచి, బయటికెళ్ళినవాడు వెళ్ళినట్టే లోపలికొచ్చాడు. మా ఆయన మాటలు తక్కువ మనిషి.

"తిరేసా, లే. మన వాకిట్లో చాప ఉంది," అన్నాడు.

తడిక పైకెత్తి చూశాను. వాకిట్లో గులకరాళ్ళ మీద ముగ్గురు మనుషులు తలలు నేలకానించి కూర్చున్నారు. వాళ్ళ మీద మొగలాకు చాప కప్పి ఉంది. పడుకునే చాప కాదు. ఏళ్ళ తరబడి అల్లిన చాప, పట్టులా మెత్తగా, అంచున ఎర్ర ఈకలతో, ఒక తల్లి నుంచి ఇంకో తల్లికి దిగివచ్చే చాప. అలాంటి చాప కప్పుకుని ఎదుటివాళ్ళ వాకిట్లో కూర్చోవడాన్ని ఇఫోంగా అంటాం. నా కళ్ళారా అంతకుముందు ఒక్కసారే చూశాను, తాగి కత్తితో మనిషిని పొడిచినవాడి కుటుంబం వచ్చి కూర్చున్నప్పుడు. మనిషిని చంపితే కూర్చుంటారు. ఇంకొకడి భార్యను లేవదీసుకుపోతే కూర్చుంటారు. ఆడపిల్లకు చెప్పుకోలేని అన్యాయం జరిగితే కూర్చుంటారు. మా ప్రాణం మీ చేతుల్లో ఉంది, చంపితే చంపండి, క్షమిస్తే చాప ఎత్తండి అని దాని అర్థం. ఇంటి పెద్ద వచ్చి చాప ఎత్తితే పగ తీరిపోయినట్టు. ఎత్తకపోతే వాళ్ళు అక్కడే ఉండాలి, లోపలివాళ్ళు కత్తి పట్టుకుని బయటికొచ్చినా కదలకూడదు.

చాప కింద నుంచి బయటికి కనిపిస్తున్న పెద్ద పాదాలు కిరిసోమెవి.

ఎముక విరిగినందుకు చాపా అని ఒక్క క్షణం నవ్వొచ్చింది. మరుక్షణం ఆ నవ్వు పోయింది. ఎముక విరిగినందుకు చాప కాదు కదా. చాప తెచ్చాడంటే చాపకు తగ్గదేదో చేసి ఉండాలి.

మా పెద్దన్న సాకరియా మా కుటుంబానికి పెద్ద. పక్క ఇల్లే. కబురు పంపకముందే వచ్చాడు, మెడలో పెద్దరికపు పూసల దండ కూడా వేసుకోలేదు. స్తంభానికి వీపు ఆనించి కూర్చుని, బయటికి చూడకుండా నన్ను అడిగాడు.

"ఏం జరిగింది?"

"ఎముక విరిగింది అన్నయ్యా. నీకు తెలుసుగా."

"అది తెలుసు. తెలియంది ఏం జరిగింది?"

"నాకూ తెలీదు."

"ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్ళారు?"

"కిరిసోమె."

"బండిలో ఇంకెవరున్నారు?"

 బండిలో ఇంకెవరూ లేరు. ఆస్పత్రి దాకా కొబ్బరితోటల మధ్య నుంచి పొడుగాటి దారి. నేను బస్సులో ఎంతసేపు వెళ్ళానో నాకు గుర్తుంది. ఆ దారంతా నా మనసులో మళ్ళీ ఒకసారి నడిచొచ్చాను.

"చూడమ్మాయ్," అన్నాడు అన్న, "నేను లేచి చాప ఎత్తితే ఏదో జరిగిందని మనం ఒప్పుకున్నట్టు. దానికి పేరు ఊరే పెట్టుకుంటుంది. రేపు నీ కూతురు నీళ్ళకెళ్ళినా ఆ పేరు దాని వెనకే వెళ్తుంది. ఎత్తకపోతే వాడక్కడ ఎండిపోతాడు, లేదా మన కుర్రాళ్ళలో ఎవడో ఒకడు ఆగలేక వాడి మీద పడతాడు. ముందు నువ్వు దాన్ని అడుగు. నిజం కనుక్కో."

అప్పటికే రోడ్డు మీద జనం చేరారు. మాతలేనా ముందు వరసలో ఉంది, చేతిలో చీపురు, ఊడవడానికి వచ్చినట్టు. గోడల్లేని ఇళ్ళు మావి, రోడ్డు మీద అనేవన్నీ లోపలికి వినిపిస్తాయి.

"చిన్న దెబ్బకి ఎవరైనా చాప కప్పుకుంటారా?"

"ఏదో ఉంది."

"నే ముందే అన్లా, ఊరికే అన్నప్పుడే."

"పాపం లాంగీ."

ఆ ఆఖరి మాట ఎవరన్నారో చూడలేదు కానీ అది నా ఒంట్లో ముల్లులా దిగింది. పాపం లాంగీ. అప్పుడే మొదలైపోయింది.

మా ఆయన తోటకు తీసుకెళ్ళే పొడుగు కత్తిని తెచ్చుకుని, వెనక మెట్టు మీద కూర్చుని రాయి మీద నూరడం మొదలుపెట్టాడు. కోడిని కోసేటప్పుడు కూడా పక్కకు తిరిగే మనిషి. 

లోపలి తడికలన్నీ దింపి లాంగీ పక్కన కూర్చున్నాను. అది లేచే ఉంది.

"బండిలో ఏమైంది?"

"ఏ బండి?"

"కిరిసోమె బండి. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు."

"నొప్పేసింది. గుంటలు వచ్చినప్పుడల్లా ఏడ్చాను."

"ఆయనేం చేశాడు?"

"ప్రార్థన చేశాడు. పైకే చేశాడు. ఇంగ్లీషులో సగం, మన మాటలో సగం."

"ఇంకేం చేశాడు?"

"బండి తోలాడమ్మా."

"దారిలో ఎక్కడైనా ఆపాడా?"

"ఒక పంది అడ్డమొచ్చింది. అప్పుడు ఆపాడు."

"నిజం చెప్పు లాంగీ. నేను కొట్టను. ఎవరికీ చెప్పను. మరి నిన్నంతా ఎందుకు తినలేదు, ఎందుకు మాట్లాడలేదు?"

అప్పుడు దాని పెదవి వణికింది.  అది వాకిలి వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది.

"ఇలీసాని నేనే అన్నానమ్మా. పలాంగి పిల్లా, నీకు గట్టిగా పట్టుకోవడం రాదు, దమ్ముంటే పడగొట్టు అన్నాను. అందరి ముందూ అన్నాను. దానికి కోపమొచ్చింది. అందుకే అంత జోరుగా వచ్చింది. ఆ మాట చెబితే ఇంకెప్పుడూ ఆటకి పంపవని చెప్పలేదు."

"అంతేనా?"

"అంతే."

"ఒట్టు?"

"ఒట్టు."

మళ్ళీ అడిగాను, వేరేలా అడిగాను. బెదిరించి అడిగాను, బుజ్జగించి అడిగాను. దాని మాట మారలేదు. పంది కూడా అదే చోట అడ్డమొచ్చింది. నమ్మానా అంటే, నమ్మాలని ఉంది. కూతురు నిజం చెబుతోందా, భయపడి ఎవరినో కాపాడుతోందా అన్నది తల్లికి ఇట్టే తెలిసిపోతుందంటారు. అదంతా వట్టిది. నాకు తెలీలేదు.

వెళ్ళి అన్నకు చెప్పాను. అన్న తల అడ్డంగా ఊపాడు.

"మాట విసిరినందుకు ఎముక, ఎముకకు చాప. ఎవరు నమ్ముతారు? అసలు వాడి పెదనాన్న ఏడీ? ఇంటి పెద్ద లేకుండా చాప ఎవరైనా తెస్తారా?"

అప్పుడు నాకు మెల్లగా వెలిగింది. మా ఊళ్ళో పుట్టి పెరిగిన ఏ వెధవైనా సరే, చాప బయటికి తీసేముందు ఇంటి పెద్ద దగ్గరికి వెళ్తాడు. ఆ పెద్ద 'నోర్మూసుకో, కోడి పట్టుకెళ్ళు' అనో, 'అవున్రా, చాపే' అనో చెబుతాడు. ఏ తప్పుకు ఎంత అన్నది వాళ్ళ లెక్క. ఇతను ఆక్లండ్‌లో తండ్రి చెప్పిన కథలు విని పెరిగాడు. ఎదుటివాళ్ళ బిడ్డకు నీవల్ల దెబ్బ తగిలితే చాప కింద తల వంచాలి, అదే మన పద్ధతి అని విని ఉంటాడు. ఎంత దెబ్బకు అన్నది ఆ కథల్లో ఎవరూ చెప్పి ఉండరు. ఇది నేను అనుకున్నదే, నిజమో కాదో అప్పటికి తెలీదు. మర్యాద తెలీక ఎక్కువ మర్యాద చేశాడా, లేక తెలిసే చేశాడా? రెండూ బయటినుంచి ఒకేలా కనిపిస్తాయి.

ఎండ చాప మీదికొచ్చింది. వెనక మెట్టు మీద రాయి చప్పుడు ఆగింది. నాకు ఆ చప్పుడు కంటే ఆగడమే ఎక్కువ భయమేసింది. లేచాను.

"ఎక్కడికి?" అన్నాడు అన్న.

"నేనెత్తుతాను."

"అది నీ పని కాదు."

"నీ పనైతే నువ్వు పెద్దరికంగా ఎత్తుతావు. పెద్దరికంగా ఎత్తితే పెద్ద తప్పు ఉన్నట్టే. నన్ను వెళ్ళనీ అన్నయ్యా."

మా దగ్గర అన్నదమ్ములు ఆడపడుచు మాట కాదనకూడదు. కాదంటే ఆ ఇంటికి మంచిది కాదంటారు. అన్న నావైపు చాలా కోపంగా చూశాడు కానీ మోకాళ్ళు పక్కకు జరిపి దారిచ్చాడు.

వాకిట్లోకి వెళ్ళి చాప అంచు ఎత్తాను. కిరిసోమె నుదురు గులకరాళ్ళకు ఆనించి ఉన్నాడు, మెడ మీద చెమట కారుతోంది. లోసా కళ్ళు మూసుకుని ఉంది. వాళ్ళిద్దరి మధ్య, తల్లి ఒళ్ళో తల పెట్టుకుని, ఇలీసా నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పెద్ద తప్పు చేసినవాడు కూతుర్ని పక్కన పెట్టుకుని ఇలా వచ్చి కూర్చుంటాడా అనుకున్నాను. కూర్చుంటే కూర్చోవచ్చు, నాకేం తెలుసు. కానీ ఆ పిల్ల నిద్ర చూశాక నేనేం చెయ్యాలో మాత్రం తెలిసింది. చాపను మొత్తం లాగేసి చేతికి చుట్టుకుని, రోడ్డు చివరిదాకా వినపడేట్టు మొదలుపెట్టాను.

"కిరిసోమె, నీకసలు బుర్ర ఉందా? ఎముక విరిగితే మనుషులేం తెస్తారు? కోడి తెస్తారు. లేదా బిస్కెట్ల డబ్బా తెస్తారు. నువ్వు హంతకుడు తెచ్చేది తెచ్చి నా వాకిట్లో కూర్చున్నావు. ఎవరు చచ్చారు ఇక్కడ? లాంగీ, బయటికి రా. నువ్వేమైనా చచ్చావా?"

"లేదమ్మా," అంది లాంగీ తడిక పక్కనుంచి, చెయ్యి జోలెలో పెట్టుకుని.

"చచ్చిందా లేదా చూసుకో. తిండి కూడా తింటుంది ఇప్పుడు. ఆక్లండ్‌లో అన్నీ కిలోల లెక్కన అమ్ముతారు కాబట్టి క్షమాపణ కూడా పెద్దదైతే మంచిదనుకున్నావా? మా పెద్దాడికి ఇదే ఎముక రెండుసార్లు విరగ్గొట్టాడు ఈ మాతలేనా కొడుకు. ఒక్కసారైనా చాప తెచ్చారా వీళ్ళు? వట్టి చేతుల్తో వచ్చి మా ఇంట్లో భోంచేసి వెళ్ళారు."

రోడ్డు మీద ఎవరో ఫక్కున నవ్వారు. మాతలేనా చీపురు అడ్డం పెట్టుకుని, "అప్పుడు నా దగ్గర కోళ్ళు లేవు వదినా," అంది. ఇక నవ్వు ఆగలేదు. ముసలివాళ్ళు దగ్గుతూ నవ్వారు. ఇలీసా ఆ గోలకు ఉలిక్కిపడి లేచి, ఏం జరిగిందో తెలీక అందరి మొహాలూ చూసింది. మా ఆయన ఇంటి పక్కనుంచి వచ్చాడు. కత్తి చేతిలోనే ఉంది. ఒక కొబ్బరిబోండం కొట్టి ఆ పిల్లకిచ్చాడు.

కిరిసోమె మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు. చాపను మడిచి అతని చేతుల్లో పెట్టాను. "ఇది ఇంట్లో దాచుకో. మధ్యాహ్నం కోడి పట్రా," అన్నాను. మధ్యాహ్నానికి తెచ్చాడు, అది బక్కకోడి. అందరం తిన్నాం.

ఊళ్ళో అతనికి 'చాప కిరిసోమె' అని పేరు నిలిచిపోయింది. చిన్నపిల్లలు కూడా అలాగే అంటారు. లాంగీ వెనక మాత్రం ఏ పేరూ పడలేదు. నాకు కావలసింది అదే, అది దక్కింది.

అనుమానం పోయిందనుకుంటే పొరపాటే. నవ్విన జనమే ఇంటికెళ్ళాక మళ్ళీ ఆలోచించారు. పిల్లల్ని ఆపితే వినరు, కాబట్టి కనిపెట్టి ఉండాలనుకున్నారు. ఆపై శనివారం పచ్చిక చుట్టూ తల్లులందరూ చాపలు పరుచుకుని కూర్చున్నారు, అతని చేతులు ఎక్కడున్నాయో చూస్తూ. తర్వాతి శనివారం తండ్రులూ వచ్చారు. ఊరికే కూర్చోవడం మాకెవరికీ చేతకాదు. ఒకరు నీళ్ళు పట్టారు, ఒకరు చెదిరిన పిల్లల్ని పోగేశారు. మా అన్న పెద్దరికంగా ఈల తీసుకున్నాడు. మాతలేనా గీత దగ్గర నిలబడి, బంతి బయటికి పోయిందా లేదా అని ప్రతిదానికీ అందరితో పోట్లాడింది. అప్పుడు ఇంటింటికీ తిరిగి బతిమాలితే రానివాళ్ళందరూ అనుమానంతో వచ్చి పడ్డారు. నెల తిరిగేసరికి పక్కూరితో పోటీలు కూడా పెట్టుకున్నారు.

ఒక సాయంత్రం నేనూ లోసా చెట్టు కింద కూర్చుని నారింజలు కోస్తున్నాం. లాంగీ కట్టు విప్పేశారు. ఇలీసా, అదీ పచ్చిక అవతలి కొసన పరిగెత్తుతున్నారు.

"దానితో ఆడుకునేవాళ్ళు లేరనే మొదలుపెట్టాం అక్కా ఇదంతా," అంది లోసా. "మా ఇలీసా బడినుంచి వచ్చి గోడకేసి బంతి కొట్టుకునేది. ఇంకేం లేదు."

"మరి ఆ ముక్క చర్చి దగ్గరే చెప్పొచ్చుగా."

"దాని గురించి అందరి ముందూ అలా చెబితే దాని మొహం ఏం కావాలి?"

నిజమే. ఇంకో నారింజ అందుకున్నాను.

"ఆ రోజు మీరు చాలాసేపు బయటికి రాలేదక్కా," అంది మళ్ళీ.

"అవును."

"లోపల లాంగీని అడుగుతున్నారు కదా."

కాదనొచ్చు. అనాలనిపించలేదు. "అడిగాను. ఒకటికి నాలుగుసార్లు అడిగాను," అన్నాను. "నామీద నీకు కోపం ఉంటే ఉండనీ."

లోసా తల అడ్డంగా ఊపింది. కోసిన ముక్కల్ని పళ్ళెంలో ఒకదాని పక్కన ఒకటి పేరుస్తూ, నావైపు చూడకుండా చెప్పింది.

"ముందురోజు సాయంత్రం ఆయన పెట్టె తెరిచి మా అమ్మ చాప తియ్యమన్నాడు. ఆక్లండ్‌లో పెరిగినా చాప సంగతి నాకు కాస్త తెలుసు. దెబ్బకి ఇంత చాపెందుకు అనుకున్నాను. ఇలీసాని వంటపాకలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికేసి, నేనూ అడిగానక్కా. మీ నాన్న లాంగీతో ఎప్పుడైనా ఎలాగైనా ఉన్నాడా, నీతో ఎప్పుడైనా ఏమైనా, అని. మీరెన్నిసార్లు అడిగారో అన్నిసార్లూ అడిగాను."

"అదేమంది?"

"ఏం లేదమ్మా అంది. ఎందుకలా అడుగుతున్నావంది. తలుపు తీసేసరికి ఆయన ఎదురుగా ఉన్నాడు, కట్టెల మోపుతో. అంతా విన్నాడు.  తెల్లారుజామునే వెళ్ళాలి, పెందలాడే పడుకోండి అన్నాడు."

పచ్చిక మీద కేక వినిపించింది. ఇలీసా బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. అది ఏడుస్తూ లేచి, నాలుగడుగుల దూరంలో నిలబడ్డ తండ్రి దగ్గరికి చేతులు చాచుకుని పరిగెత్తింది. కిరిసోమె ఒకడుగు వెనక్కి వేశాడు. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుని, మా చెట్టు వైపు తిరిగి పిలిచాడు.

"లోసా, ఒకసారి వస్తావా, పిల్ల మోకాలు చూడు."

లోసా కత్తి కింద పెట్టి లేచింది.